బడి విడిచిన పంతులుగారు

గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడి పల్లెలలో ఒకప్పుడు నాటకములకు ఒక ఋతువు ఉండెడిది. ప్రత్తి తీతలు ముగిసి, మిరపపండ్లు కల్లములలో ఎండుచుండగా రైతుచేతిలో నాలుగు డబ్బులు ఆడు దినములవి. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కదలినది మొదలు శ్రీరామనవమి పందిళ్లు విప్పువఱకు రాత్రివేళ ఏదో ఒక ఊర హార్మోనియము మ్రోగుచునే ఉండెడిది. చుట్టుప్రక్కల గ్రామములవారు బండ్లు కట్టుకొని, బండిలో గడ్డి పఱచుకొని, పిల్లలతో సహా వచ్చి తెల్లవారువఱకు కూర్చుండెడివారు. వారు కోరి ఆడించుకొన్న నాటకములలో హరిశ్చంద్ర ముందు వరుసలోనిది. వేలిముద్ర వేయువాడు సైతము అందలి పద్యములను యతిభంగము లేకుండ చదివెడివాడు. ఉత్పలమాలకు, మత్తేభమునకు భేదము అతనికి తెలియదు. కాని నటుడు ఒక అక్షరము జారవిడిచినచో ఆ సంగతి అతనికి వెంటనే తెలిసెడిది.

ఆ నాటకమును వ్రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. కవిగా, నటుడుగా, జీవితము చివరిభాగమున చలనచిత్రములవారుగా వారిని లోకము ఎఱుగును. వారు గుంటూరులో బడిపంతులుగా కూడ ఉండినారని తలచువారు తక్కువ. ఉపాధ్యాయులకును, విద్యార్థులకును వారి చరిత్రలో విశేషముగా పట్టవలసిన భాగము అదియే అని నా అభిప్రాయము.

లక్ష్మీకాంతముగారు 1881వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించినారు. తండ్రి నరసింహశాస్త్రిగారు, తల్లి ఆదిలక్ష్మమ్మగారు. నాటికి గుంటూరు జిల్లా అన్నది లేదు. అది 1904లో ఏర్పడినది. ఒంగోలు కేంద్రముగా మఱొక జిల్లా ఏర్పడుట 1970లోను, దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టుట 1972లోను జరిగినవి. బాపట్లయే ఒక జిల్లాకు కేంద్రమగుట 2022 నాటి మాట. జిల్లాల హద్దులు ఎన్ని మాఱినను ఆ సీమవారి నాటకాభిరుచి మాత్రము హద్దులు చూచుకొని పెరిగినది కాదు. స్త్రీపాత్రలకు పెట్టినది పేరైన స్థానం నరసింహారావుగారు కూడ 1902లో ఆ బాపట్లలోనే పుట్టినారు.

బాల్యమున మేనమామగారైన భాగవతుల చెన్నకృష్ణయ్యగారివద్ద లక్ష్మీకాంతముగారి చదువు సాగినది. తరువాత కర్నూలు చేరి మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులై, అచ్చటనే సబ్ రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తాగా కొంతకాలము పనిచేసినారు. ఇది రెండు వాక్యములలో దాటిపోవలసిన సంగతియే. ఐనను నాకు ఇచ్చట ఒక ఊహ తోచును. రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తాకు నిత్యము కనబడునది ఏమి? క్రయపత్రములు, తాకట్టు పత్రములు, బాకీలు, గడువులు, సాక్షి సంతకములు. ఇల్లు అమ్ముకొన వచ్చినవాని ముఖము, కొనువాని ముఖము ఒకే బల్లకు ఇరువైపుల కనబడును. అట్టి బల్లకడ కూర్చుండి లేచిన మనిషి, బాకీ తీర్చుటకై భార్యను, బిడ్డను సంతలో అమ్మిన రాజుకథను నాటకముగా ఎన్నుకొనినారు. దీనికిని దానికిని సంబంధము కలదని నేను రుజువు చేయజాలను. పాఠము చెప్పునపుడు మాత్రము పిల్లలకు ఈ మాట చెప్పెదను. వారు ఆ నాటకమును వేఱొక కంటితో చూచెదరు.

గుమాస్తాగిరి విడిచి లక్ష్మీకాంతముగారు గుంటూరు హిందూ కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. నాటి తెలుగు ఉపాధ్యాయుని బ్రతుకును గూర్చి ఒక మాట చెప్పవలెను. పాఠశాలలో గౌరవము ఇంగ్లీషునకు, గణితమునకు దక్కెడిది. జీతములోను ఆ తేడా కనబడెడిది. తెలుగు గంట అనగా పిల్లలకు కొంత విశ్రాంతి. అందును పద్యపాఠమన్నచో అన్వయము, ప్రతిపదార్థము, సంధులు, సమాసములు. పద్యము గొంతులో పలుకవలసినదన్న సంగతి ఎవరికిని జ్ఞాపకముండెడిది కాదు.

ఇక నాటకమన్నచో పెద్దలకు భయము. వేషము కట్టిన కుఱ్ఱవాడు చెడిపోవునని తండ్రులు, వేషము కట్టించిన పంతులు చెడగొట్టినాడని ఊరివారు అనుకొను కాలమది. కాని తెలుగు నాటకమును మొదట రంగమునకు ఎక్కించినది బడిపంతులే అన్న సంగతి మఱవరాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున పాఠశాలలో తెలుగు పండితులుగా ఉండిన కాలమున, 1880లో, ధార్వాడ నాటకసమాజమువారు వచ్చి హిందీ నాటకములాడి వెళ్లినారు. వారు విడిచిన పాకలోనే పంతులుగారు తమ శిష్యులచేత చమత్కార రత్నావళిని ఆడించినారు. అది షేక్స్పియరు రచించిన ఒక హాస్యనాటకమునకు అనుసరణము. ఆ ప్రదర్శనలో నటులు విద్యార్థులు, గ్రంథకర్త పంతులు, నేర్పినవాడు పంతులు. నేడు పాఠశాలలలో నాటకోపాధ్యాయుడన్న ఉద్యోగము వేఱుగా లేదని వాపోవువారు కలరు. ఉద్యోగము లేనిమాట నిజమే. ఆ పని మాత్రము తెలుగుదేశమున తెలుగు పంతులు పనిలోనే చేరియున్నది.

బలిజేపల్లివారి హరిశ్చంద్ర 1912 నాటిది. కథ క్రొత్తది కాదు. మార్కండేయ పురాణములో కలదు, గౌరన ద్విపదలో కలదు, శంకరకవి కావ్యములో కలదు. వీరేశలింగము పంతులుగారును దీనిని నాటకముగా వ్రాసియుండిరి. అటు ఘూర్జరదేశమున బాలుడైన మోహనదాసు గాంధీ ఒక హరిశ్చంద్ర నాటకమును చూచి మఱల మఱల చూడగోరి, ఒంటరిగా ఉన్నపుడు మనసులో దానిని ఆడుకొన్నట్లు తమ ఆత్మకథలో వ్రాసికొన్నారు. లక్ష్మీకాంతకవిగారి నాటకము వచ్చిన మఱుసటి యేడు, 1913 మే నెలలో, బొంబాయిలో దాదాసాహెబు ఫాల్కేగారు తమ మూగచిత్రమునకు ఎన్నుకొన్నదియు ఈ కథయే. ఇంతమంది చేతులలో నలిగిన కథను తీసికొని తెలుగు పల్లెలకు తమ నాటకమునే అసలు హరిశ్చంద్ర చేసినారన్నచో, అందులకు కారణము వెదకవలసియున్నది.

మొదటి కారణము పద్యము. వారి పద్యము పండితుని మెప్పించును, పామరుని అడ్డగింపదు. సమాసము దీర్ఘముగా సాగినను శ్వాస తీసికొను చోటు ఎచ్చటనో ఉండును. ఒక సంగతి చెప్పి, దానిని గట్టిపఱచి, చివరిపాదమున మనసున గ్రుచ్చుట వారి పద్ధతి. తరగతిలో నలుబదిమంది పిల్లలకు ఒకేమాఱు వినిపింపవలసిన గొంతు ఇట్టి పద్యమునకు అలవాటు పడునని నేననుకొందును.

రెండవ కారణము నక్షత్రకుడు. విశ్వామిత్రుడు రాజ్యమంతయు దానముగా పుచ్చుకొని, ఇంకను రావలసిన సొమ్మునకై తన శిష్యుని హరిశ్చంద్రుని వెంట పంపును. ఈ శిష్యుడు అడుగడుగున రాజును పీడించును. ఎండలో ఆపును, దాహమునకు ఆగనీయడు, గడువు లెక్కపెట్టును. జనము నవ్వుదురు, తిట్టుదురు. ఐనను అతడు దుర్మార్గుడు కాడు. గురువు ఆజ్ఞ ఒక ప్రక్క, కన్నుల ఎదుట కనబడుచున్న ధర్మము ఒక ప్రక్క. ఈ రెంటినడుమ నలుగు శిష్యుని కష్టము, రాజు కష్టమంత పెద్దది కాకున్నను, కష్టమే. బడిలో ఉన్నవారికి ఇది ఇతరులకంటె తొందరగా తెలియవలెను. లక్ష్మీకాంతకవిగారు తాము రంగమెక్కినపుడు కోరి ధరించిన వేషము హరిశ్చంద్రుడు కాదు, విశ్వామిత్రుడును కాదు, ఈ నక్షత్రకుడు! పాఠము చెప్పవలసిన మనిషి శిష్యుని వేషము కట్టుకొని, గురువునకు జవాబు చెప్పుకొనవలసిన స్థితిలో నిలువబడుట చూడముచ్చటయైన సంగతి.

ఉద్యోగము వారిని ఎక్కువకాలము నిలుపుకొనలేదు. పాఠశాల విడిచి వారు అవధానములకు బయలుదేరినారు. అష్టావధానమన్నచో నేటి విద్యార్థులకు వివరింపవలెను. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషేధాక్షరి, ఒకరు వర్ణన అడుగుచుండగా, ఒకరు ప్రక్కనుండి అప్రస్తుత ప్రసంగముతో పాడుచేయుచుండగా, అన్నిటికిని పాదము పాదముగా పద్యములు చెప్పి, చివరకు వానినన్నిటిని తప్పకుండ ఒప్పజెప్పుట. వెనుక బల్లలలో అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకులు ప్రతి తరగతిలోను ఉందురు గదా. పంతులుకు అది నిత్యకృత్యము. ఈ విద్యవలన వారికి కవితా కళానిధి, పుంభావ సరస్వతి వంటి బిరుదులు వచ్చినవి. బిరుదులతో పాటు సంస్థానముల ఆదరమును లభించినది. చల్లపల్లి రాజావారి సాయముతో 1922లో గుంటూరున చంద్రికా ముద్రణాలయమును స్థాపించినారు.

ఆ యేండ్లు గుంటూరు సీమకు మామూలు యేండ్లు కావు. 1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘమును కాదని ఊరు విడిచి పాకలలో కాపురముండినారు. పెదనందిపాడు ఫిర్కాలో పన్నులు చెల్లింపమని రైతులు నిలిచినారు. పలనాటిలో పుల్లరి సత్యాగ్రహము నడచి, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణము విడిచినాడు. ఇదే సీమవారైన దామరాజు పుండరీకాక్షుడుగారి నాటకములను ప్రభుత్వము నిషేధించినది. ఉద్యోగము ఉన్న పంతులుకు అవి నోరు మూసికొని ఉండవలసిన దినములు. లక్ష్మీకాంతకవిగారు నోరు మూసికొనలేదు. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని కారాగారమునకు వెళ్లినారు. స్వరాజ్య సమస్య పేరుతో పద్యములు వ్రాసినారు. సత్యమునకై కష్టములు పడిన రాజు కథ ఆ రోజులలో జనము చెవులకు పురాణముగా మాత్రమే వినబడియుండదు.

1926లో గుంటూరున ఫస్టు కంపెనీ అను నాటకసమాజమును నెలకొల్పి హరిశ్చంద్ర మొదలగు నాటకములను ప్రదర్శింపజేసినారు. సాత్రాజితీయము, ఉత్తర గోగ్రహణము, బుద్ధిమతీ విలాసము వారి ఇతర నాటకములు. బ్రహ్మరథము, మణిమంజూష అను నవలలును వ్రాసినారు. వీనిలో ఏదియు హరిశ్చంద్రకు సాటి రాలేదు.

ఒక్కమాట. నాటకసమాజము అనునది వట్టి వ్యాపారము కాదు. అది ఒక పాఠశాల. పద్యనాటకము నేర్చుకొనువాడు మొదట పద్యమును విడగొట్టి అర్థము తెలిసికొనవలెను. ఎచ్చట మాట ముగియునో, ఎచ్చట పాదము ముగియునో రెండును వేఱువేఱుగా గుర్తింపవలెను. తరువాత ఊపిరి. ఎంతవఱకు ఒక శ్వాసలో పలుకవచ్చునో కొలుచుకొనవలెను. తరువాత ఎదుటి పాత్ర ముఖమును చూచి పలుకుట. రాగము అన్నిటికంటె చివరిది. ఈ క్రమము తలక్రిందులైనపుడు నాటకము చెడినది. రాగము ముందు వచ్చి, అర్థము వెనుకబడి, ఒక్కొక్క పద్యమునకు పావుగంట ఆలాపన పట్టి, జనము వన్స్ మోర్ అనగానే చచ్చిపోయిన లోహితాస్యుని ప్రక్కనుండి రాజు లేచి మఱల మొదటినుండి అందుకొనుట మనమందఱము చూచినదే. ఆ దోషము కవిది కాదు. అడిగినవారిది, ఇచ్చినవారిది. పాఠశాల వార్షికోత్సవములలో పద్యనాటకము నేర్పు ఉపాధ్యాయులు ఈ క్రమమును పాటించి చూడవలెను. రాగము రాని పిల్లవాడు కూడ పద్యమును చక్కగా చెప్పగలడు.

నాటకము కంపెనీని దాటి పోయినది. గ్రామమునకొక సమాజము, సమాజమునకు ఇద్దఱు హరిశ్చంద్రులు. స్థానమువారు తొలిసారి స్త్రీవేషము కట్టినదియు హరిశ్చంద్ర నాటకముననే. 1920లో బాపట్లలో చంద్రమతి వేషధారి రానందున, ఆ రాత్రి ఆ పాత్రను వారు ధరింపవలసి వచ్చినది. తరువాతి తరమున డి.వి. సుబ్బారావుగారు కాటిసీనులో హరిశ్చంద్రునిగా అశేష కీర్తి గడించినారు. వారి గొంతు కాసెట్టులలో ఇంటింటికి చేరినది.

ఈ కాటిసీనును గూర్చియే ఇంకొంత చెప్పవలసియున్నది. హరిశ్చంద్రుడు వీరబాహువునకు అమ్ముడుపోయి శ్మశానమునకు కాపరియగును. వీరబాహువు కాటివాడు, ఊరు అంటరానివాడన్నవాడు. అయోధ్య నేలిన రాజు అతని సేవకుడు. ఆ రాత్రి రాజు శ్మశానమును చూచి తలపోయు ఘట్టమున, నటులు బలిజేపల్లివారి పద్యములతోపాటు వేఱొకరి పద్యములను చేర్చి పాడసాగినారు. అవి గుఱ్ఱము జాషువగారి శ్మశానవాటి పద్యములు. జాషువగారు 1895లో వినుకొండలో పుట్టినవారు, వారును బడిపంతులే. 1928 మొదలు 1942 వఱకు గుంటూరు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసినారు. అంటరానితనమును పుస్తకములలో కాక బ్రతుకులో చవిచూచిన కవి. సభలలో తమను దూరముగా కూర్చుండబెట్టిన లోకమునకు పద్యముతోనే జవాబు చెప్పినవారు.

కనుక, గుంటూరు పంతులొకరు వ్రాసిన నాటకములోనికి గుంటూరు పంతులు మఱొకరు కాటిద్వారమున ప్రవేశించినారు. వారిని కమిటీ వేసి ఎవరును పిలువలేదు. పద్యము అచ్చట అతికినదని నటునికి తోచినది. జనము చేతులు తట్టి ఒప్పుకొన్నారు. ఊరి బావికడ నిలువనీయనివాని పద్యమును రాజు నోట విని అగ్రహారీకులు సైతము కన్నీరు తుడుచుకొన్నారు. చాలమంది ప్రేక్షకులకు ఏ పద్యము ఎవరిదో తెలియదు. నాటకకర్తకు ఇది అన్యాయము కాదా అని నన్ను కొందఱు విద్యార్థులు అడిగినారు. గ్రంథపరిష్కర్త దృష్టితో చూచినచో అన్యాయమే. ముద్రిత ప్రతిలో లేనిదానిని ఆయన నాటకమని ఆడరాదు. జాషువగారి పేరు చెప్పకుండ వారి పద్యమును వాడుకొనుట అంతకంటె పెద్ద అన్యాయము. నటుడు ముందుగా ఆ పేరు చెప్పి పాడినచో రెండవ దోషమైనను తీరును. అట్లు చెప్పిన నటులను నేను చూచితిని. వారికి చప్పట్లు తగ్గలేదు.

చిత్రపు నరసింహారావుగారి ప్రోత్సాహముతో లక్ష్మీకాంతకవిగారు చలనచిత్రములలో ప్రవేశించినారు. అప్పటికి ఏబది యేండ్లు దాటినవి. 1939లో సి. పుల్లయ్యగారు తీసిన వరవిక్రయములో నటించినారు. అది వరకట్నమును ఖండించుచు కాళ్లకూరి నారాయణరావుగారు వ్రాసిన నాటకము. భానుమతిగారికి అది మొదటి చిత్రము. అటుపై జెమినీవారి బాలనాగమ్మకు (1942) రచన చేసినారు. సినిమా పనిని నేను చిన్నచూపు చూడను, కాని వారి చేతి వాటము అచ్చట అంతగా కనబడదు. నాటకములో కవి తన పద్యమును నటుని గొంతులో పెట్టి పంపగలడు; చిత్రములో ఆ గొంతును కత్తిరించి అతికించువాడు వేఱొకడు.

చివరి దినములు శ్రీకాళహస్తిలో గడచినవి. శివానందలహరీ శతకము వ్రాసిన కవికి ఆ ఊరు తగిన చోటే. 1953 జూన్ 30వ తేదీన అచ్చట కన్నుమూసినారు. మఱి మూడు నెలలకు, అక్టోబరు ఒకటవ తేదీన, ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది.

నాటకముల ఋతువు ఇప్పుడు వెనుకటివలె లేదు. మిరప కల్లములకు కావలి పడుకొన్నవాని చెవిలో నేడు సెల్ ఫోను పాడును; అందులోను ఒక్కొక్కప్పుడు కాటిసీనే పాడుచుండును. తిరునాళ్లలో, పరిషత్తులలో ఆడువారు ఇంకను కలరు. వారు పంచు కరపత్రములో హరిశ్చంద్రుని పేరు పెద్ద అక్షరములతోను, చంద్రమతి పేరు దాని క్రిందను, హార్మోనియము వాయించువారి పేరు వేఱొక గీతలోను ఉండును. రచన అన్నచోట బలిజేపల్లివారి పేరు కొన్ని కరపత్రములలో ఉండును, కొన్నిటిలో ఉండదు.